తథాస్తు దేవతలకు జడవని వార్డెనమ్మ

మా ఎదురు ఫ్లాట్ వార్డెనమ్మ పోయారు. ఆ కబురు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకర్ ఆలస్యమవుతుందన్న మెసేజ్‌కీ, లిఫ్టు మళ్లీ చెడిపోయిందన్న ఫిర్యాదుకీ మధ్యన వచ్చింది. "మా మేనత్త ఈ ఉదయం నిద్రలోనే ప్రభువును చేరింది" అని ఆమె తమ్ముడి కొడుకు పెట్టాడు. కింద వరసగా దణ్ణాల బొమ్మలు. నేనప్పుడు మాదాపూర్‌లో మా ఆఫీసులో, ఒక మీటింగులో ఉన్నాను. ఎవరో తెర మీద ఏదో చూపిస్తున్నారు. పొద్దున నేను బయల్దేరేసరికి ఆమె తలుపు మూసి ఉంది. రోజూ ఆ వేళకు బార్లా తీసి ఉండే తలుపు. అది చూసి కూడా ఏమీ అనుకోకుండా క్యాబ్ ఎక్కేశాను.

అయ్యో అనిపించడం, ఏడుపు రావడం తర్వాత. ముందు నాకు కలిగింది భయం. ఇక మా అమ్మాయిని ఆ మాట ఎవరు అడుగుతారు?

ఆ మాట ఏమిటో చెబుతాను. చెప్పడానికే ఇది రాస్తున్నాను. కాలేజీకి వెళ్లే పిల్లలున్న ఇళ్లు ఈ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి, అన్ని ఇళ్ల ఎదురుగానూ ఒక వార్డెనమ్మ ఉండరు కదా.

ఆమె ప్రభుత్వ బాలికల హాస్టళ్లలో వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. మేమున్న ఈ గోపన్‌పల్లి ఇంకా ఊరుగా ఉన్నప్పటి మనిషి. వాళ్ల తమ్ముడి పొలంలోనే మా అపార్ట్‌మెంట్ లేచింది. వాళ్ల వాటాకొచ్చిన ఫ్లాట్లలో ఒకదాంట్లో మేనల్లుడి కుటుంబంతో ఉండేవారు. ఇస్త్రీ చేసిన నూలు చీర, చేతికి మగవాళ్ల వాచీ, మూడో వీధిదాకా వినిపించే గొంతు. మా అపార్ట్‌మెంట్లో పక్కింటికి వెళ్లాలన్నా ముందు ఫోన్ చేసి, "ఇప్పుడు రావచ్చాండీ" అని అడిగి వెళ్తాం. ఆమెకు ఆ పట్టింపు లేదు. తలుపు దబదబా బాదడం, "ఏమ్మా, ఉన్నరా, పోయిన్రా?" అనడం. ఆ 'పోయిన్రా' విన్నప్పుడల్లా నా గుండె జల్లుమనేది.

ఎందుకంటే మేం కృష్ణాజిల్లా వాళ్లం. మా అమ్మ పెంపకంలో నోటివెంట చెడ్డ మాట దొర్లకూడదు. ఉప్పు అయిపోయిందని అనం, నిండుకుందంటాం. దీపం ఆరిపోయిందని అనం, కొండెక్కిందంటాం. ఊరెళ్లేవాళ్లు "వెళ్తాను" అంటే చాలు, "వెళ్లొస్తాను అను" అని అమ్మ వెనక్కి పిలిచి మరీ అనిపించేది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట, మనం ఏదంటే దానికి తథాస్తు అనేస్తారట. ఇంజినీరింగ్ చదివాను, పాతికమంది పనిని పరీక్షించే టీముకు పెద్దనయ్యాను, ఆ దేవతలు మాత్రం నన్ను వదల్లేదు.

ఇక మా ఆయనకు వేరే దేవుడున్నాడు. ఆయన ఆఫీసులో రోజూ పొద్దున టీమంతా నిలబడి, నిన్న ఏం చేశాం, ఈవేళ ఏం చేస్తాం, మధ్యలో అడ్డు పడుతున్నవేమిటి అని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటారు. అడ్డుపడేవాటిని 'బ్లాకర్స్' అంటారు. మా అమ్మాయి ఇంటర్‌లో ఉండగా ఆయన ఆ పద్ధతిని అన్నం టేబుల్ మీదికి తెచ్చారు. పిల్లకు క్రమశిక్షణ వస్తుందని, మనసులో మాట చెప్పడం అలవాటవుతుందని. ఇంజినీరింగ్‌లో చేరాక కూడా అదే తంతు. పప్పన్నం కలుపుకుంటూ అది అప్పజెప్పేది. "నిన్న డేటా స్ట్రక్చర్స్ చదివాను. ఈరోజు ల్యాబ్ రికార్డు. బ్లాకర్స్ ఏం లేవు నాన్నా." ఆయన తృప్తిగా తలూపేవారు. మేమిద్దరం పిల్లతో రోజూ మాట్లాడుతున్నామనే అనుకున్నాం. పిల్లలతో మాట్లాడే తీరిక లేని మా స్నేహితులను చూసి జాలి కూడా పడ్డాం, మహా గొప్పగా!

ఒకరోజు వార్డెనమ్మ కరివేపాకు ఇవ్వడానికొచ్చి అది విన్నారు. వింటూ గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను చెయ్యి కడుక్కుని దగ్గరికి వెళ్తే, గొంతు తగ్గించి అన్నారు. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"గిదేందమ్మా, పిల్ల మాట్లాడుతున్నట్టు లేదు. రైల్వే స్టేషన్ల మైకు చెప్తున్నట్టున్నది."

"వాళ్ల నాన్న నేర్పారండి. బాగా చెబుతుంది కదండీ?"

"మంచిగనే చెప్తున్నది" అని కరివేపాకు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఆ తర్వాతనుంచి ఆమె మా అమ్మాయిని గమనించడం నేను గమనించాను. నాకు కాస్త కోపం కూడా వచ్చింది. పిల్ల చిక్కిందంటే ఈ కాలం పిల్లలంతా అంతే అన్నాను. జుట్టు దువ్వుకోవడం లేదంటే అదీ ఒక ఫ్యాషనండీ అన్నాను. సెలవు రోజు సాయంత్రందాకా మంచం దిగలేదంటే, పాపం వారమంతా బస్సులో తిరిగి అలసిపోతుంది కదా అన్నాను. ప్రతిదానికీ నా దగ్గర సమాధానం ఉంది.

ఒకనాడు మురిపెంగా నేనే చెప్పాను. మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ బొమ్మలంటే ప్రాణం. తన రంగుల పెట్టె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటిది, కుంచెలతో సహా మొత్తం పెట్టెను పక్క బ్లాక్ చిన్నపిల్లకు ఇచ్చేసింది. "చూశారా అండీ, ఎంత మంచి మనసో!" అన్నాను.

వార్డెనమ్మ ముఖం మారిపోయింది. "మొత్తం ఇచ్చిందా? ఇంకేమన్న ఇచ్చిందా?"

"చెవి జూకాలు కూడా వాళ్ల పిన్ని కూతురికి..."

ఆమె లేచి వెళ్లి, పది నిమిషాల్లో ఒక పళ్లెం నిండా చిక్కుడుకాయలతో తిరిగొచ్చారు. ఆదివారం మధ్యాహ్నం. మా అమ్మాయిని గదిలోంచి పిలిచి, "జర ఈ కాయలు ఒలుద్దువు రా బిడ్డా, నాకు కండ్లు ఆనుతలేవు" అని బాల్కనీలో పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఎదురుగా కాదు, పక్కనే. ఇద్దరూ అవతలి కొత్త టవర్ల వైపు తిరిగి కూర్చుని ఈనెలు తీస్తున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. ఏవో కబుర్లు చెప్పుకుంటారులే అనుకున్నాను.

"బిడ్డా, ఒకటి అడుగుత. సచ్చిపోవాలని అనిపిస్తున్నదా నీకు?"

కూర ధర అడిగినంత మామూలుగా అడిగారు. నేను పొయ్యి మీద ఉన్నదాన్ని అలాగే వదిలేసి పరుగెత్తాను. "అయ్యయ్యో, ఏం మాటలండీ అవి! పచ్చటి పిల్లతో! తథాస్తు దేవతలుంటారండీ!"

ఆమె తలెత్తలేదు. "తథాస్తు దేవతల సంగతి నాకు తెల్వదమ్మా. నువ్వు జర ఆగు. పిల్ల చెప్తది."

మా అమ్మాయి ఇంకో కాయ తీసుకుంది. ఈనె తీసింది. కాయ విరిచి పళ్లెంలో వేసింది. నేను మనసులో, "లేదను తల్లీ, లేదను" అనుకుంటున్నాను.

"ఊఁ" అంది మా అమ్మాయి. ఇంకో కాయ విరిచి, "చాలా రోజులనుంచి అనిపిస్తోంది అమ్మమ్మా" అంది.

ఆ క్షణం గురించి రాయడం నాకు చేతకాదు. వంటింట్లో మాడు వాసన వస్తోంది, ఎవరూ కదల్లేదు. వార్డెనమ్మ గొంతు మాత్రం మారలేదు. ఇంకా అడగాల్సినవన్నీ అడిగారు. ఒక్కొక్కటే, నిదానంగా. మా అమ్మాయి అన్నింటికీ జవాబు చెప్పింది. మాకు ఎన్నడూ చెప్పనంత సులువుగా చెప్పింది. అవన్నీ ఇక్కడ రాయను. మేం ఇంకొన్నాళ్లు అలాగే "బ్లాకర్స్ లేవు" అన్న మాట వింటూ ఉండి ఉంటే ఏమయ్యేదో ఆ జవాబుల్లో తెలిసింది. అది చాలు.

అప్పటి సంగతి ఏమిటంటే, క్లాసులో చెప్పేది పిల్లకు మొదటి ఏడే అర్థం కావడం మానేసింది. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గు. సబ్జెక్టులు పోయాయి. స్నేహితురాళ్లు ముందుకెళ్లిపోయారు. వాళ్లు కొత్త గ్రూపు పెట్టుకుంటే, తనను అందులో చేర్చలేదని తెలిసి క్లాసుకు వెళ్లడానికి కాళ్లు రాలేదు. కాలేజీ బస్సు ఎక్కేది, దిగేది, లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చునేది. హాజరు చాలక ఆ ఏడాది పైక్లాసుకు పంపరని తేలిపోయింది. రాత్రిళ్లు నిద్ర లేదు. ఇవేవీ లోకంలో లేని కష్టాలు కావు. ప్రతి కాలేజీలో ప్రతి ఏడూ ఎంతమందికో వచ్చేవే. తెలిసి ఉన్నా, మామూలు కష్టాలే గదాని మేం భయపడి ఉండేవాళ్లం కాదు. భయపడాల్సింది వాటి గురించి కాదు, పిల్ల వాటితో ఒంటరిగా కూర్చోవడం గురించని వార్డెనమ్మకు తెలుసు.

బయటికెళ్లిన మా ఆయన వచ్చి అంతా విన్నారు. ముఖం పాలిపోయింది. పాపం, ఏదో ఒకటి అనాలి కదా, "మరి ఒక ఏడాది గ్యాప్ వస్తే ప్లేస్‌మెంట్స్‌లో..." అన్నారు.

"సారూ" అన్నారు వార్డెనమ్మ. "నీకు కొలువు చేసే బిడ్డ కావాల్నా, బిడ్డ కావాల్నా? ముందుగాల గది చెప్పు."

ఆయన అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చేశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు. మా అమ్మాయీ చూడలేదు. అది లేచి వచ్చి వాళ్ల నాన్న భుజం మీద చెయ్యి వేసింది.

వార్డెనమ్మ వాళ్లింటికి వెళ్లి స్క్రూ డ్రైవర్ తెచ్చారు. మా అమ్మాయి గది తలుపుకు లోపలివైపు గడియ ఉంటుంది. దాన్ని విప్పడం మొదలుపెట్టారు. తర్వాత బాత్‌రూమ్ గడియ. ఆ ముసలి చేతులు ఆ పని ఎంతో అలవాటుగా చేశాయి. ఇంతకుముందు ఎన్ని తలుపులకు విప్పి ఉంటారీవిడ? ఏం చూశాక ఇది నేర్చుకుని ఉంటారు? మా అమ్మాయి గోడకానుకుని నిలబడి చూస్తోంది.

"నీ మీద అనుమానంతోని కాదు బిడ్డా" అన్నారామె ఒక స్క్రూ పళ్ల మధ్య పట్టుకుని. "నాకు భయమైతున్నది. నా భయం కోసం తీస్తున్న. నీ పాణం కుదురుకున్నంక నేనే మళ్ల పెడ్త."

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి బయల్దేరదీశారు. ఎవరూ ఎరగని చోటికి, కూకట్‌పల్లి దాటి ఎక్కడికైనా వెళ్దామండీ, ఇక్కడైతే మా ఆఫీసువాళ్లు కనిపిస్తారన్నాను. "ముసుగేసుకుని పోదామా మరి, దొంగల లెక్క?" అని కసిరారు. "జరమొస్తే దవాఖానకు పోమా? గిదీ గంతే." దగ్గర్లో ఉన్న మానసిక వైద్యురాలి దగ్గరికే వెళ్లాం. మందులు రాసిచ్చారు. వారం వారం వెళ్లి మాట్లాడి వచ్చేందుకు ఒక కౌన్సెలర్ అమ్మాయిని కుదిర్చారు. వెయిటింగు హాల్లో నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటే, వార్డెనమ్మ పక్కవాళ్లను "మీ పిల్లగానికి ఏమైందమ్మా?" అని పలకరిస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాతి నెలలు కష్టంగానే గడిచాయి. రాత్రికి రాత్రి ఏదీ మారిపోలేదు. ఒకరోజు నవ్వేది, రెండ్రోజులు మంచం దిగేది కాదు. ఒకసారి మందులు మానేసింది. మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజుల్లో మేం ఎలా ఉండాలో వార్డెనమ్మ చెప్పేవారు, చెప్పడమేమిటి, తిట్టి నేర్పేవారు. "అన్నం కాడ కోర్టు పెట్టకుర్రి" అన్నారు. మా ఆయన టేబుల్ దగ్గర ప్రశ్నలు మానేసి, తన ఆఫీసులో తను చేసిన పొరపాట్లు చెప్పడం మొదలుపెట్టారు. పిల్ల వినేది. "చుట్టాల పిల్లల ముచ్చట ఈ ఇంట్ల తియ్యద్దు" అన్నారు. మా ఆడపడుచు ఫోన్ చేసి వాళ్లవాడి ఉద్యోగం సంగతి ఎత్తితే, నేను ఫోన్ పట్టుకుని గుమ్మం బయటికి వెళ్లి మాట్లాడేదాన్ని. ఏడాది ఆగిపోయిందేం అని ఎవరన్నా అడిగితే, "పాణం బాగలేకుండె, ఇప్పుడు చూపిచ్చుకుంటున్నం" అని చెప్పమన్నారు. "అబద్ధం చెప్తే గా అబద్ధాన్ని పిల్ల మొయ్యాలె. ఉన్న బరువు చాలదా?"

మా అమ్మాయి మళ్లీ కాలేజీకి వెళ్లే రోజున మా ఆయన సెలవు పెట్టి వెంట వెళ్లారు. తనకన్నా చిన్నవాళ్ల క్లాసులో కూర్చోవాలి. వార్డెనమ్మ లిఫ్టుదాకా వచ్చి, "సిగ్గయితే నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం సిగ్గుపడదాం" అన్నారు. మా అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని నేను లోపలికొచ్చి, వంటింట్లో తలుపు చాటున కళ్లు తుడుచుకున్నాను.

ఇంత జరిగినా ఒక్క పని మాత్రం నాకు చేతకాలేదు. అప్పుడప్పుడు, ఏ ముందస్తు సూచనా లేకుండా, వార్డెనమ్మ వచ్చి మా అమ్మాయి పక్కన కూర్చుని ఆ మాట అడిగేవారు. "ఇప్పుడెట్లున్నది బిడ్డా? సచ్చిపోవాలని వస్తున్నదా మళ్ల?" ఒక్కోసారి "లేదమ్మమ్మా" అనేది. ఒక్కోసారి "కొంచెం" అనేది. 'కొంచెం' అన్న రోజున ఆమె కదిలేవారు కాదు, డాక్టరుకు ఫోన్ చేయించేవారు. ఆ మాట మొదలవగానే నేను వెనక బాల్కనీలోకి వెళ్లి కుళాయి తిప్పేదాన్ని, వినబడకుండా.

ఆమె అది కనిపెట్టారు. "నేనెన్ని దినాలు అడుగుతనమ్మా? నువ్వు నేర్సుకో. కన్నతల్లివి."

"నా నోటివెంట రాదండీ. మీరున్నారు కదండీ."

"ఉంట, ఉంట. మా అమ్మను గూడ నువ్వున్నవ్ గదా అంటుండిరి, ఆమె పోలేదా?"

"అయ్యో, అలా అనకండి మేడమ్‌గారూ!"

"చూసినవా? నేను పోత అన్నా నువ్వు చెవులు మూసుకుంటవ్. మూసుకుంటే పోకుంట ఉంటనా?" అని నవ్వారు. ఇదంతా మీరెక్కడ నేర్చుకున్నారండీ అని ఒకసారి అడిగాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇడువమ్మా గా ముచ్చట" అన్నారు. నేను మళ్లీ అడగలేదు.

ఆమె పోరు పడలేక ఒకరోజు ప్రయత్నించాను కూడా. అమ్మాయి పక్కన కూర్చున్నాను. "నీకేమన్నా... అదీ... అలాంటిది అనిపిస్తోందా?" అన్నాను. "ఎలాంటిదమ్మా?" అంది. "ఆకలి" అన్నాను. ఈ సంగతి చెబితే వార్డెనమ్మ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పోవడానికి సరిగ్గా వారం ముందు సంగతి అది.

కబురొచ్చిన మరునాడు ఆమెను సమాధుల తోటకు తీసుకెళ్లారు. గోడ అవతల అద్దాల టవర్లు, ఇవతల మట్టి. ఆమె హాస్టల్లో చదివిన ఆడపిల్లలు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. వాళ్లిప్పుడు పిల్లలు కారు. నర్సులు, టీచర్లు, ఇద్దరు పోలీసు యూనిఫామ్‌లో ఉన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే వాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఈ వచ్చినవాళ్లలో ఎంతమందిని ఆమె ఆ మాట అడిగి ఉంటారో అనుకున్నాను. రాలేనివాళ్లు కూడా ఉంటారేమో అనిపించి, ఆ ఆలోచన అక్కడితో ఆపేశాను.

మా అమ్మాయి గుప్పెడు మట్టి వేసింది. ఏడవలేదు. కబురు తెలిసినప్పటినుంచీ అది నోరు విప్పలేదు. తింటావా అంటే తిన్నది, వస్తావా అంటే వచ్చింది. ముఖంలో ఏమీ లేదు. ఆ ముఖం నాకు తెలుసు. ఒకప్పుడు రోజూ అన్నం టేబుల్ దగ్గర నా ఎదురుగా కూర్చున్న ముఖం అది.

వార్డెనమ్మ మేనల్లుడికి సాయంగా మా ఆయన అక్కడే ఉండిపోయారు. నేనూ, అమ్మాయీ కారులో బయల్దేరాం. గచ్చిబౌలి కూడలి దగ్గర ఎప్పటిలాగే బళ్లు ఆగిపోయాయి. ఇంటికి వెళ్లాక అడుగుదాం అనుకున్నాను. రేపు అడుగుదాం అనుకున్నాను. డాక్టరుగారే అడుగుతారులే అనుకున్నాను. పక్కకు చూస్తే అది కిటికీ అద్దానికి తలానించి కళ్లు మూసుకుని ఉంది. నాకు వార్డెనమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇలా వదిలేసి వెళ్లిపోతారా ఎవరైనా?

"అమ్మా" అన్నాను. నా కూతుర్ని నేను అలాగే పిలుస్తాను. "చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

అనేశాను. ఆకాశం విరిగి మీద పడలేదు. మా అమ్మాయి కళ్లు తెరిచింది. నావైపు చూడలేదు.

"నిన్నటినుంచీ అనిపిస్తోందమ్మా" అంది. "పొద్దున బాగా అనిపించింది. నువ్వు అడుగుతావని అనుకోలేదు."

"అడుగుతాను. రోజూ అడుగుతాను. ఇక్కణ్నుంచి నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్దాం. ఇంకా చెప్పమ్మా."

అప్పుడది ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే చెప్పసాగింది. నేను ఇంజిన్ ఆపేశాను. ముందు బళ్లు కదిలిపోయాయి, నా ముందు రోడ్డంతా ఖాళీ. వెనక హారన్లు. ఎవరో తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి నా అద్దం మీద కొట్టాడు. "మేడమ్, బండి తియ్యున్రి! ఎనకంత జామైతున్నది, కనవడ్తలేదా?"

అద్దం దించాను.

"కాస్త ఆగండి బాబూ" అన్నాను. "మా అమ్మాయి మాట్లాడుతోంది."

అతను వంగి లోపలికి చూశాడు. వెనక్కి వెళ్లి, మా కారుకు వీపు ఆనించి నిలబడి, రెండు చేతులూ చాచి, వచ్చే బళ్లన్నింటినీ మా పక్కనుంచి పంపించడం మొదలుపెట్టాడు.